పన్నెండో తారీఖు ఉత్తరం

కర్నూలు మునిగిన ఏడు అది. వరద తీసి నెల దాటింది.

శంషాబాద్ దగ్గరి ఒక బడిలో సోషల్ టీచర్ ప్రసన్నలక్ష్మి తొమ్మిదో తరగతికి యుద్ధం పాఠం చెప్పాలి. పుస్తకం పక్కన పెట్టేసింది.

"ఫౌజుకు పోయినవాళ్ల కాగితాలు ఎవరింట్లో ఉన్నా తీసుకురండి. యుద్ధం ఎలా ఉంటుందో వాళ్లే చెప్తారు" అంది.

మర్నాడు కవిత ఏకంగా అమ్మమ్మనే వెంటబెట్టుకొచ్చింది. కౌసల్యమ్మ చంకలో రేకు డబ్బా. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయిన భర్త రామచంద్రయ్య పంపిన ఏడు ఉత్తరాలూ, ఆయన పోయాడని వచ్చిన టెలిగ్రామూ అందులో ఉన్నాయి.

గేటు తీసిన వాచ్‌మన్ కుర్మయ్య ఆ డబ్బా వెనకాలే తరగతి కిటికీ దాకా వచ్చి నిలబడిపోయాడు. ముసలివాడు. సెక్యూరిటీ ఏజెన్సీ పంపితే వచ్చి నెలైంది. ఈ నెలలో పది మాటలు మాట్లాడి ఉండడు. పిల్లలు మూగతాత అంటారు.

"గేటు వదిలేసి ఇక్కడేం పని?" అంది ప్రసన్నలక్ష్మి.

రెండడుగులు వెనక్కి వేశాడు. పోలేదు.

ఆమె మొదటి ఉత్తరం చదివింది.

"'చలికి తుపాకి ముట్టుకుంటే చెయ్యి అంటుకుంటున్నది. నువ్వు అంపిన మురుకులు పది మందిమి పంచుకున్నం.'"

కాగితం కౌసల్యమ్మ వైపు తిప్పింది.

"మీ ఆయన చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉందమ్మా."

కౌసల్యమ్మ ఏదో అంది. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగింది. ఎయిర్‌పోర్టు వచ్చాక ఆ బడిలో సగం మాటలు అట్లాగే పోతున్నాయి. ప్రసన్నలక్ష్మి మళ్లీ అడగలేదు. ఒక్కొక్కటే చదువుతూ ఏడో ఉత్తరం తీసింది.

"'నేను వచ్చినా రాకున్నా రెండెకరాలు అమ్ముకోకు. ఎవరడిగినా ఏలుముద్ర ఎయ్యకు. పిల్లను బడికి పంపు.'"

"గా మాట మీదనే బతికిన టీచరమ్మా," అంది కౌసల్యమ్మ. "మా మరుదులు ఎంత సతాయించిన్రో! మొన్న మొన్న ఎయిర్‌పోర్టు దలాల్లు గూడ ఇంటి సుట్టు తిరిగిన్రు. అమ్మిన్నా? అమ్మలే. దీని తల్లిని సదివిచ్చిన."

కవిత టెలిగ్రాం చూస్తోంది.

"మేడం, తాత చనిపోయింది తొమ్మిదో తారీఖు. ఈ ఉత్తరం మీద పన్నెండు ఉంది."

"శభాష్! తారీఖులు పోల్చి చూడాలని చెప్పానుగా" అనేసింది ప్రసన్నలక్ష్మి. ఆ తర్వాతే కౌసల్యమ్మ ముఖం చూసింది.

"ఏందే కవితా?"

"సచ్చిపోయినంక ఉత్తరం ఎట్ల రాస్తడు అమ్మమ్మా?"

కిటికీలోంచి కుర్మయ్య గొంతు వినిపించింది.

"తారీఖు చూసి మాట కొట్టెయ్యకుండ్రి మేడం."

"అరే, మూగతాత మాట్లాడిండ్రోయ్!" పిల్లలు గొల్లున నవ్వారు.

"మీకేం తెలుసని? ముందు వెళ్లి గేటు చూసుకోండి" అంది ప్రసన్నలక్ష్మి.

వెళ్లాడు.

"ఆరింటిని చార్టు మీద పెడదాం అమ్మా. ఇదొక్కటి నమ్మలేం. ఎవరో రాసి పంపినట్టుంది."

కౌసల్యమ్మ ఏడో ఉత్తరం మడిచి, డబ్బాలో పెట్టబోయి ఆగింది. బల్ల మీదే వదిలేసింది.

"ఆయన మాట కానప్పుడు నాకెందుకు బిడ్డా" అంది. "ముప్పై ఎనిమిదేండ్లు ఎవరి మాట ఇన్ననో."

సాయంత్రం ప్రసన్నలక్ష్మి ఏజెన్సీకి ఫోన్ చేసి, గేటు దగ్గర నిలబడే మనిషిని పంపమంది.

తెల్లారి గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. గేటు రిజిస్టరు ఆమె చేతికిచ్చాడు.

"పాత తాత పొద్దుగాల్నే వచ్చి ఇండ్ల ఏందో రాసిండు మేడం. మీకు సూపియ్యమన్నడు. మల్ల బస్సెక్కి పోయిండు."

"ఎక్కడికి?"

"చెప్పలే."

నెల నుంచి ఆ రిజిస్టరు ఆమె తెరిచి చూసింది లేదు. తరగతిలోకి తీసుకెళ్లి తెరిచింది. గుండ్రటి అక్షరాలు. రాసిందేమిటో చదవకముందే ఆమె చేయి బల్ల మీది ఉత్తరం కోసం వెతికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"కవితా, నిన్న విమానం చప్పుడులో మీ అమ్మమ్మ ఏమంది?"

"తాతకు ఓనమాలు రావు, తోటి సిపాయి రాసిపెట్టేటోడు అన్నది మేడం."

ఆ పొద్దున కుర్మయ్య రాసిపోయింది ఇంతే: "రామచంద్రయ్య తొమ్మిదో తారీఖు దవాఖానల పానం పోయేముందు చెప్పిండు, నాకు కాయితం పన్నెండుకు దొరికింది, ఒక్క మాట కలపలే."