కేతిగాడి నవ్వు

లోకంలో రంగు పెన్నులన్నింటికీ బుద్ధి వచ్చాక, తోలుబొమ్మలు గీసే సుంకులమ్మకు బతుకు కష్టమైంది. ఊళ్లో ఉన్నప్పుడు ఒకసారి, బొమ్మలాటలో నవ్వించే కేతిగాడు మంత్రిగారి కుర్చీ లాగేస్తున్నట్టు గీయబోయింది. పెన్ను రంగు వదల్లేదు. మర్నాడు పోలీసులు వచ్చారు. మొగుడు వన్నూరప్పను వెంటబెట్టుకుని ఆమె దేశం దాటింది.

మధ్యాహ్నానికే చీకటిపడే ఈ చలి దేశంవాళ్లు ఆదరించి గది ఇచ్చారు, మేకతోళ్లు ఇచ్చారు, కొత్త పెన్ను ఇచ్చారు. మంత్రి కుర్చీ బొమ్మను ఆ పెన్ను హాయిగా గీసింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇవాళ ఆమె కేతిగాణ్ని ఈ దేశపు సరిహద్దు కంచె మీద కూర్చోబెట్టి, కాపలావాళ్లను వెక్కిరిస్తున్నట్టు గీయబోయింది. రంగు ఆగిపోయింది. పెన్ను తెలుగులోనే మెత్తగా చెప్పింది.

"మీ దేశపు బాధలు గీయండమ్మా. అవంటే మాకు ఎంతో ఇష్టం."

"ఇంగ సాలు మే, ఆ మంత్రినే గీయి," అన్నాడు వన్నూరప్ప.

"పెన్ను ల్యాకుంటే పాయె. చేతులుండాయి గదా," అంటూ ఆమె దీపం ముందు వేళ్లు మడిచింది. ఒక చెయ్యి కంచె అయింది, రెండోది కేతిగాడైంది. గోడ మీద వాడి నీడ కంచె ఎక్కి నోరు తెరిచింది.

దీపం ఆరిపోయింది. దానికీ బుద్ధి వచ్చింది మరి.

ఆ చీకట్లో సుంకులమ్మ కేతిగాడి గొంతుతో పగలబడి నవ్వింది. పెళ్లైనప్పటినుంచీ ప్రతి ఆటలో ఆ నవ్వుకు మద్దెల వాయించినవాడు వన్నూరప్ప. ఇప్పుడు తడుముకుంటూ వచ్చి, ఆమె నోరు గట్టిగా మూశాడు.