పై సీటు

మొదటి దెబ్బకే హేమంత్ బండి మీద నుంచి ఎగిరి కంచె పక్కన పడ్డాడు.

లేచేలోపే చెన్నకేశవ బావమరిది ప్రసాదు అతని కాలరు పట్టుకున్నాడు. క్యాప్సికం పెంచే పాలీహౌస్ వెనక్కి ఈడ్చుకుపోయి రాతిస్తంభానికి చేతులు కట్టేశాడు. హోసూరు నుంచి బేరిగై వచ్చే రోడ్డు ఆ ఎండకు ఖాళీగా ఉంది.

“నేనేం చేసినాను మామా?”

“ఎవుడికిరా మామ?”

చెన్నకేశవ చేతిలోని నల్ల డ్రిప్ పైపు ఈల వేసి కుర్రాడి భుజం మీద పడింది. చొక్కా చిరిగింది. రెండో దెబ్బకు దాని కింద చర్మమూ చిరిగింది.

ఏం చేశాడో చెన్నకేశవకు బాగా తెలుసు. తన కూతురు భువన కన్నా అర మార్కు ఎక్కువ తెచ్చుకున్నాడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే క్లాసు. ఆ అర మార్కుతో కోయంబత్తూరు ఇంజనీరింగ్ కాలేజీలో చివరి కంప్యూటర్ సీటు వాడికి దక్కింది. భువనకు బర్గూరు కాలేజీ వచ్చింది.

పొద్దున కాఫీ దగ్గర ప్రసాదే విడమరిచి చెప్పాడు. వాడి కొడుకు కిందటేడే ఈ కౌన్సెలింగ్ దాటినవాడు.

“సీటు చూపించినంత మాత్రాన అయిపోలేదు బావా. ఈ పొద్దు సాయంత్రం ఐదు లోపల కంప్యూటర్లో ‘ఒప్పుకుంటా’ అని నొక్కల్ల. నొక్కలేదా, సీటు పాయె. కింద కాచుకోనుండే వాళ్ళకు పోతాది. మన పాప బర్గూరు ఒప్పుకోని, పైది ఖాళీ అయితే నాకియ్యండి అని నొక్కితే చాలు.”

“నొక్కుతాదా?”

“మధ్యాన్నం నళిని కంప్యూటర్ సెంటరుకు పోతానన్నాది.”

ఇక హేమంత్ నొక్కకుండా చూసుకోవడమే మిగిలింది.

హేమంత్ జేబులో ఫోను మోగింది. చెన్నకేశవ లాక్కుని చూశాడు. ‘నళినక్క సెంటర్’ అని ఉంది.

“చూడప్పా, నొక్కు నాయనా అని సెంటరు వాళ్ళే పిలస్తా ఉండారు వీణ్ణి.”

అంతసేపూ పళ్ళు బిగించుకున్న కుర్రాడు అప్పుడు అరిచాడు. “కొట్టండి, ఎంతైనా కొట్టండి. ఐదు దాకా ఫోను మాత్రం ఉండనీండి. ఓటీపీ వస్తాది!”

ప్రసాదు పగలబడి నవ్వాడు. “వీపు పోయినా పర్వాలేదంట బావా, సీటు కావల్లంట!”

“నా సీటు కాదు. భువన...”

చెన్నకేశవ కళ్ళకు రక్తం ఎక్కింది. పైపు తిప్పి నోటి మీద కొట్టాడు. పెదవి రెండుగా చీలింది. “నా కూతురి పేరు ఎత్తుతావా? దాని పేరు నీ నోట్లోకి యాడ నుంచి వచ్చెరా?”

కుర్రాడు రక్తం ఉమ్మి మళ్ళీ “భు...” అన్నాడు. ప్రసాదు తన తువ్వాలు వాడి నోట్లో కుక్కాడు.

ఫోను మళ్ళీ మోగింది. చెన్నకేశవ దాన్ని మోటారు దిమ్మె మీద పెట్టి, పెద్ద స్పానరుతో మోదాడు. మోగడం ఆగేదాకా మోదాడు. ఫోన్లు పగలగొట్టడం అతనికి కొత్త కాదు. కిందటేడు ఎవడో ‘హాయ్’ అని పంపినందుకు భువన ఫోనును రుబ్బురోట్లో వేసి నలగ్గొట్టాడు. తన ఫోనుకు ముక్కూముఖం తెలియనివాళ్ళ నుంచి కాల్ వస్తే ఇల్లంతా అదిరిపోయేది. ఆ కట్టుదిట్టంలో పెరగబట్టే పిల్లకు అన్ని మార్కులు వచ్చాయని అతని నమ్మకం.

హేమంత్ ఒక చెయ్యి కట్టు తెంచుకున్నాడు. ఆ చేతిని కింద పడ్డ ఫోను ముక్కల వైపు చాచాడు. ప్రసాదు వాడి మణికట్టు మీద కాలుపెట్టి తొక్కాడు. చెరుకు గడ విరిగినట్టు చప్పుడైంది. తువ్వాలు వెనక కేక నలిగిపోయింది.

ఐదు దాటాక కట్లు విప్పారు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని హేమంత్ ఫోను ముక్కల్ని చూస్తూ ఏడ్చాడు.

“పో. మీ నాయనకు చెప్పుకో,” అన్నాడు చెన్నకేశవ.

తొట్టిలో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, బేరిగైలో అర కిలో మైసూరుపాకు కొన్నాడు. నళిని సెంటరుకు వెళ్ళేసరికి భువన కంప్యూటరు ముందు మొహం కప్పుకుని కూర్చుంది. నళిని ఆమె వీపు నిమురుతోంది.

“ఏడవద్దమ్మా,” పొట్లం విప్పాడు చెన్నకేశవ. “కోయంబత్తూరు ఇంక నీదే. ఆ హేమంతుగాడు నొక్కలేదు.”

నళిని తలెత్తింది. “ఎవురు చెప్పినారన్నా? వాడు నిన్ననే ఈడ కూర్చోని తనది ముగించుకోని పాయె. నొక్కనిది మన పాపే. ఓటీపీ లేంది లోపలికే పోనియ్యలేదు. బర్గూరు సీటూ పాయె.”

మైసూరుపాకు చేతిలోనే ఉండిపోయింది. “ఓటీపీ రాకపోవడమేంది? ఏ నంబరు ఇచ్చినారు?”

భువన మొహం మీద నుంచి చేతులు తీసింది.

“నా ఫోను పగలగొడితివి, నీ నంబరు ఎవురికీ ఇయ్యద్దంటివి, అందుకే హేమంతు నంబరు ఇచ్చినాను నాయనా, నా ఓటీపీ చెప్పమని అక్క మధ్యాన్నం నుంచి వానికే ఫోన్ చేస్తా ఉంది.”