చెట్టెక్కని మనవరాలు

నలభై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కినవాణ్ణి నేను. నా మనవరాలికి చెట్టెక్కాలంటే భయమంటే నాకెంత నామోషీ! అందుకే ఈ సెలవుల్లో రోజూ దాన్ని పార్కుకు తీసుకుపోతున్నాను. అది జామచెట్టు కింద నిలబడి ఒక్కో కొమ్మనూ పరీక్షగా చూస్తుంది.

"ఎక్కవే!"

"రేపు చూద్దాంలే తాతా."

నిన్న నాకు ఒళ్లు మండింది. "పిరికిదానా, చూడు!" అని చెప్పులు విడిచి నేనే ఎక్కేశాను. మూడో కొమ్మ దాకా బాగానే పోయాను. దిగబోతే మోకాలు మొరాయించింది.

"కిందికి చూడకు తాతా. ఆగు, వస్తున్నా."

చూస్తుండగానే ఉడతలా నా కాళ్ల దగ్గరికి పాకింది. నా పాదం పట్టుకుని సరైన చోట పెట్టింది. "ఆ కొమ్మ వద్దు, ఎండిపోయింది. ఇదిగో, ఇక్కడ." అలా మెల్లగా కిందికి దింపింది.

నేల మీద చతికిలబడి అడిగాను, "ఎప్పుడు నేర్చావే దొంగపిల్లా?"

"బళ్లో రోజూ ఎక్కుతాగా!"

"మరి నా దగ్గర ఎక్కవేం?"

"నేనెక్కితే నువ్వు ఊరుకుంటావా? నాకన్నా పైకెక్కేస్తావు. నువ్వు పడితే నేను పట్టుకోలేను కదా తాతా."