ఫారంలో అడగనిది

"నన్ను చంపినా ఆ గొట్టంలోకి వెళ్ళను," అన్నాడు లారీ డ్రైవరు.

మూడేళ్ళ కిందట మునిగిపోయిన పడవలోంచి ఈదుకుంటూ బయటపడ్డ మనిషి. స్కానింగ్ మిషన్ చూడగానే చెమటలు పట్టేశాయి.

వరండాలో తన వంతు కోసం కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చింది.

"వెళ్ళు నాయనా. నీ కాలి బొటనవేలు నేను పట్టుకుని ఉంటాను. వదిలేశానంటే ఓ తన్ను తన్ను."

డ్రైవరుకి నవ్వొచ్చింది. వెళ్ళి పడుకున్నాడు.

ఇరవై నిమిషాలూ ఆవిడ వేలు వదల్లేదు.

దెబ్బ తిన్న మనసు మళ్ళీ ఎలా నిలబడుతుందో మెదడులో చూడాలని డాక్టరమ్మ తపన. భయం పుట్టే చోటుకీ, దాన్ని సముదాయించే చోటుకీ మధ్య గట్టి దారి ఉన్నవాళ్ళ కోసం, పడవ ప్రమాదంలో బతికినవాళ్ళందరినీ పరీక్షించింది. ఒక్కరూ దొరకలేదు.

ఆ దారి పెద్దావిడ మెదడులో ఉంది. కానీ ఆవిడ ఫారంలో 'పడవ ఎక్కారా?' అన్నచోట 'లేదు' అని ఉంది. పోల్చి చూడ్డానికి మామూలు మనుషులు కావాలన్న ప్రకటన చదివి, తనే వెతుక్కుంటూ వచ్చింది.

"మీకేం పెద్దమ్మా, కష్టం తెలియని మెదడు మీది," అంది డాక్టరమ్మ.

"అలాగా. దాని ఫొటో ఒకటి ఇస్తావా అమ్మాయ్? మా వాళ్ళకి చూపించాలి."

"ఒక్కదాన్నే ఉంటానన్నారుగా?"

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆవిడ నవ్వేసింది.

"వచ్చేసారి ఇస్తాలెండి. ఆర్నెల్లకి రావాలి," అంది డాక్టరమ్మ.

"అబ్బో! అందాకా ఎవరితో మాట్లాడేది?"

ఆర్నెల్లకి ఆవిడ రాలేదు.

డాక్టరమ్మే ఫొటో కవర్లో పెట్టుకుని, ఫారం మీది చిరునామా పట్టుకుని వెళ్ళింది. మేడ మీద ఒకటే గది.

"పోయి పది రోజులైందండీ. నిద్రలోనే," పక్కింటామె తాళం తీసింది. "మీరేమవుతారు ఆవిడకి?"

డాక్టరమ్మ చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టింది.

లోపల ఓ మంచం, కుట్టుమిషన్, బోర్లించిన ఒకే ఒక్క కంచం. ఎదురుగోడకి నాలుగు ఫొటోలు. ఒకాయన, ఇద్దరు అమ్మాయిలు, బోసినవ్వుతో ఓ పసివాడు. వాటి పక్కనే కొత్తగా కొట్టిన మేకు, ఖాళీగా.

దానికి కవరు తగిలించబోయిన డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

నాలుగు ఫొటోల కిందా ఒకే తేదీ ఉంది, పడవ మునిగిన రోజుది.