కరగని బిళ్ళ

గిన్నెలు కడిగే మెషీన్ తలుపు తీయగానే కోడలి మొహం వాడిపోయింది.

సబ్బుబిళ్ళ సగం కూడా కరగలేదు. తడిసి ముద్దై, తలుపుకున్న చిన్న అరలో అతుక్కుపోయి ఉంది. గ్లాసుల నిండా తెల్లటి మరకలు.

"నా బీపీ బిళ్ళ నాలిక మీద పెట్టుకుంటే చాలు, కరిగిపోతుంది. దీనికేం పోయేకాలం?" అంది వెనకనుంచి అత్తగారు.

కోడలు గ్లాసులు బయటికి తీస్తుంటే ఆవిడే మళ్ళీ అంది.

"కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోడానికి రేపే ఆఖరు. ఇంకొక్కసారి వేసి చూడు. అప్పటికీ ఇంతే అయితే పంపించేద్దాం. సబ్బు తాగి బతకలేం కదమ్మా."

కోడలు తన చేతుల వంక చూసుకుంది. అరచేతులు బీటలు వారి ఉన్నాయి. సబ్బునీళ్ళ జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాకే ఈ మెషీన్ ఇంటికొచ్చింది. ఇది పోతే మళ్ళీ సింకు, మళ్ళీ ఆ మంట.

అత్తగారు చెడ్డమనిషేం కాదు. తనే కడుగుతానంటుంది. కాని ఆవిడ మోకాళ్ళు సింకు దగ్గర నిలబడనివ్వవు.

మెషీన్ పక్కన అంటించిన కాగితం మీద కంపెనీ నంబరుంటే, దానికి ఫోన్ చేసింది.

చాలాసేపు మోగాక ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"మీ మెషీన్లో బిళ్ళ కరగట్లేదండి" అంది కోడలు.

అవతల చిన్న నిట్టూర్పు.

"చెప్పండమ్మా. ఎంత మిగులుతోంది?"

"సగానికి సగం."

"బిళ్ళ వేసే అర మూత తెరుచుకుంటోందా?"

"తెరుచుకోకపోతే ఆ సగమైనా ఎలా కరుగుతుందండి?"

"అదీ నిజమే" అని నవ్వింది ఆవిడ. "పూర్తిగా తెరుచుకుంటోందా అని నా అనుమానం."

కోడలికి ఆ నవ్వు నచ్చలేదు.

"బిళ్ళ వేసేటప్పుడు అర తడిగా ఉందా? తడి ఉంటే అక్కడే పట్టేసుకుంటుంది."

"పొడిగుడ్డతో తుడిచే వేశాను."

"నీళ్ళు వేడెక్కుతున్నాయా?"

"గిన్నె ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది."

"ఒక్క నిమిషం ఉండండమ్మా."

ఫోన్లో దూరంగా ఏదో మగగొంతు, "నా తువ్వాలెక్కడ?" అంటోంది.

"తలుపు వెనకే. కాస్త కళ్ళు పెట్టి చూడండి" అంది ఈవిడ.

ఇంట్లో కూర్చుని ఉద్యోగం వెలగబెట్టే రకం కాబోలు అనుకుంది కోడలు. ఒళ్ళు మండిపోయింది.

"జీతం తీసుకుంటూ తువ్వాళ్ళు వెతికిపెడుతున్నారా? ఇక్కడ రేపీ మెషీన్ వెనక్కి పోతుంది. నా చేతులు చూస్తే తెలుస్తుంది మీకు, పుండ్లు పడి ఉన్నాయి. మీ పైవాళ్ళతో చెప్పి మీ ఉద్యోగం తీయించేస్తాను."



"అలాగేనమ్మా" అంది ఆవిడ. "ముందు మీ పని కానివ్వండి. బిళ్ళ వేసే అరకి ఎదురుగా ఏం పెట్టారు?"

"పెద్ద పళ్ళెం."

"మూత తెరిచిపెట్టి, తలుపు మెల్లగా మూస్తూ చూడండి. పళ్ళెం తగులుతోందా?"

కోడలు అలాగే చేసింది. తలుపు మూతపడేలోపే మూత వెళ్ళి పళ్ళెం అంచుకి ఠక్కున తగిలింది.

"తగిలింది."

"అదే అయ్యుంటుంది. మూత కొంచెమే తెరుచుకుంటే నీళ్ళు బిళ్ళ దాకా చేరవు. పళ్ళేన్ని వెనక వరసలోకి మార్చండి. తొందరగా అయ్యే వాష్ వద్దు, మామూలుదే పెట్టండి. చేతులు జాగ్రత్తమ్మా."

కోడలు ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం మళ్ళీ తలుపు తీసింది. అర ఖాళీగా ఉంది.

అత్తగారు ఒక గ్లాసు తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. వాసన చూసింది. ఇంకా నమ్మకం కుదరక నాలికతో అంచు తాకి చూసింది.

"సరే, ఉండనీ" అంది.

కోడలు అక్కడే పీట మీద కూర్చుండిపోయింది.

"ఆవిణ్ణి నోటికొచ్చినట్టు అన్నావు కదే. ఒక మంచిమాట చెప్పు" అంది అత్తగారు.

"చెబుతాలెండి అత్తయ్యా. మెషీన్ ఎటూ పోదు, ఆవిడా ఎటూ పోదు."

ఇవాళ రేపు అంటూ వారం గడిచింది. బీటలు పూడి చేతులు నున్నబడుతుంటే గుర్తొచ్చి ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదంది రికార్డు గొంతు.

ఆవిడ ఉద్యోగం నిజంగానే పోయిందా అనుకుంది కోడలు. తను ఎవరికీ ఫిర్యాదు చేయలేదే.

కొట్టువాళ్ళనడిగి కంపెనీ ఆఫీసు నంబరు సంపాదించింది. ఎవరో అబ్బాయి ఎత్తాడు. జరిగిందంతా చెప్పి, కాగితం మీది నంబరు చదివింది.

"మీరేనా అండి అది?" అన్నాడతను. "పోయిన వారం ఆవిడ మాకు ఫోన్ చేసింది. 'నా ఉద్యోగం పోయిందట, ఇంకో మనిషిని చూసుకోండి' అని నవ్వింది. నంబరు కూడా తీయించేసుకుందన్నమాట."

"కోపంలో అన్నాను బాబూ. తప్పు నాదే. ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెబుతాను. ఆవిణ్ణి మళ్ళీ తీసుకోండి."

"తీసుకోడానికి ఆవిడ మా మనిషి కాదండి. కాగితం అచ్చేసేటప్పుడు మా నంబర్లో ఒక అంకె తప్పు పడింది. రాంగ్ నంబరంటే ఎవరూ నమ్మక తిడుతుంటే, మా దగ్గర మెషీన్ పుస్తకం అడిగి తెప్పించుకుని, చదువుకుని మరీ చెబుతూ వచ్చిన ఎవరో ఇంటావిడండి ఆవిడ."