దాని మీద నడిచేదెవరు

చెక్క పలకల దుకాణంలో ఆ పెద్దాయన మూడోసారి అడ్డం వచ్చాడు.

"ఇంతకీ దాని మీద నడిచేదెవరు బాబూ?"

అమ్మతో కలిసి పలకలు కొనడానికొచ్చిన ఇంటాయనకి ఒళ్లు మండింది. పెరట్లో పలకలతో అరుగులాంటి డెక్ వేయిస్తున్నానని నెల రోజులుగా చెప్పీ చెప్పీ, ఆఫీసులో జనం తనని చూస్తే దారి మళ్లేలా చేసుకున్న మనిషి ఆయన. కొత్త డెక్ మీద తోడల్లుడు కుర్చీ వేసుకుని, కుళ్లుకుంటూ కాఫీ తాగే దృశ్యం కూడా మనసులో ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

"మా అమ్మ. కాళ్లకి స్పర్శ లేక మెట్లు దిగలేదు కాబట్టి, ఆరుబయట గుమ్మానికి సమంగా కట్టిస్తున్నా. చాలా?"

పక్కనే అమ్మ గర్వంగా తలూపింది.

షుగర్ వల్ల ఆవిడ అరికాళ్లకి స్పర్శ పోయి రెండేళ్లయింది. కిందటేడు గాజుపెంకు గుచ్చుకుంటే, నేల మీద నెత్తుటి మరకలు చూసేదాకా ఆవిడకే తెలియలేదు. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. ఇంకోటి పడితే వేళ్లు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. చెప్పులేసుకోమంటే వినదు. సొంతింట్లో చెప్పులేంటి, నేనేమైనా అద్దెకొచ్చానా అంటుంది.

అందుకే కాల్లో గుచ్చుకునే పేడు లేవని నునుపు పలక కావాలని కొడుకు పట్టుదల.

సేల్స్‌మన్ నల్లటి పలక ముందు పెట్టాడు.

"చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేస్తారు సార్. చెద పట్టదు, పేడు లేవదు, పాలిష్ గొడవ లేదు. ఇప్పుడందరూ ఈ బొగ్గు రంగే అడుగుతున్నారు."

ఇంటాయన నిమిరి చూశాడు. ఏసీ గదిలో పలక మీద అరచేయి హాయిగా జారింది.

"ఎలా ఉందమ్మా?"

"నీ చిన్నప్పటి బుగ్గలా ఉంది నాయనా. రంగు కూడా అదే."

"లేత రంగు చెక్క తీసుకోండి," అన్నాడు పెద్దాయన వెనక నుంచి. "ఏటా నూనె పట్టించే పని ఉంటుంది. అయినా అదే తీసుకోండి. పైన కాస్త నీడ వేయించండి."

మాసిన చొక్కా. చెవి మీద పెన్సిల్. మోచేతుల దాకా రంపపు పొట్టు.

"ఎవరో కట్టెల డిపో మనిషి సార్," గొణిగాడు సేల్స్‌మన్. "నేను చేరి వారమే అయింది. బేరాలు చెడగొట్టేవాళ్లు ఇన్ని రకాలుంటారని అనుకోలేదు."

"అయితే ఇది నాసిరకమా అన్నయ్యగారూ?" అడిగింది అమ్మ.

పెద్దాయన మొహం చిన్నబోయింది.

"ఆ మాటనకమ్మా. దీనంత మంచి పలక దొరకదు. చోటు కుదరాలంతే. నీడపట్టున వేస్తే మీ మనవళ్ల దాకా ఉంటుంది."

ఇంటాయన నవ్వాడు.

"మంచిదంటావు, కొనొద్దంటావు. ముందు నువ్వొకటి తేల్చుకో పెద్దాయనా. తర్వాత మేమే మీ డిపోకి వస్తాంలే. తలుపు అటు."

పెద్దాయన నల్ల పలక నమూనా ముక్కొకటి, లేత చెక్క ముక్కొకటి తీసుకెళ్లి బయట మెట్టు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాడు.

"మీ కాగితాల పని అయ్యేలోపు ఇవి కాగుతాయి. వెళ్లేటప్పుడు చెయ్యి పెట్టి చూడండి. అమ్మగారు కాదు, మీరు."

వెళ్లిపోయాడు.

లోపల ఆర్డరు కాగితం మీద సంతకం అయింది. ఇంటాయన దాన్ని ఫొటో తీసి తోడల్లుడికి పంపడం కూడా అయింది.

బయటికి అమ్మే ముందు నడిచింది. గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల జోలికి పోకుండా నేరుగా నల్ల ముక్క ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆయనెవరో ఊరికే బెదరగొట్టాడు గానీ, చూడు ఎంత హాయిగా ఉందో. రేపు మీ తోడల్లుణ్ణి ఇలాగే నిలబడి పలకరిస్తా."

"రాణీగారు కాస్త దిగితే ఆ ముక్క లోపలిచ్చొస్తా," అంటూ ఇంటాయన వంగి దాని అంచు పట్టుకున్నాడు.

చురుక్కుమంది. చెయ్యి లాగేసుకున్నాడు.

"అమ్మా, దిగు."

"ఉండరా, ఇంకాసేపు..."

ఆయన వినలేదు. చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అరికాళ్లు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

సీసాలో నీళ్లన్నీ ఆ పాదాల మీద పోశాడు. బొబ్బలెక్కలేదు. ఇంకో నిమిషం ఆగితే ఎక్కేవే.

మళ్లీ బయటికెళ్లి లేత చెక్క మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది, అంతే. చెయ్యి అలాగే ఉంచగలిగాడు. చాలాసేపు ఉంచాడు.

లోపలికొచ్చి సంతకం చేసిన కాగితాన్ని తనే చింపాడు.

"లేత చెక్క రాయండి. పైన నీడకి కూడా రాయండి. ఆ పెద్దాయన డిపో ఎక్కడ?"

సేల్స్‌మన్‌కి తెలియదు. ఇంటాయన వీధి మలుపు దాకా పరుగెత్తాడు. ఎవరూ కనిపించలేదు. పెద్దవాణ్ణి పట్టుకుని తలుపు చూపించిన తన వేలు తనకే చేదుగా అనిపించింది.

తిరిగొచ్చేసరికి దుకాణం యజమాని కారు దిగుతున్నాడు. సేల్స్‌మన్ ఎదురెళ్లి మొర పెట్టుకున్నాడు.

"చెవి మీద పెన్సిలున్న ముసలాయనొకడు సార్. కుదిరిన నల్ల పలక ఆర్డరు కాస్తా పోగొట్టాడు."

యజమానికి కోపం రాలేదు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"నెలకోసారి ఇలా చెప్పాపెట్టకుండా వచ్చి, ఎండలో వేసుకునేవాళ్లని దొరకబుచ్చుకుని మానిపించి పోతారు," అన్నాడు. "ఆ నల్ల పలక కనిపెట్టిందీ, దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ నడిపేదీ ఆయనేనయ్యా."