పసుపు సంచిలో నాచు

“చెయ్యి తియ్. ఏం అంటిస్తున్నావక్కడ?”

వినీత కేకకు, బండ మీదికి వంగిన ముసలాయన ఉలిక్కిపడి నిలబడ్డాడు.

మోచేతుల దాకా పసుపు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీలా ఉన్నాడు. చేతిలో పసుపు సంచి, దాని నిండా తడి నాచు.

వినీతకు ప్రాణం పోయినంత పనైంది.

ఆమె పీహెచ్‌డీ అంతా ఆ బండ మీద అరచేతంత మేర మిగిలిన నాచు మీదే. అవన్నీ ఆడ మొక్కలు. మగవి ఒకప్పుడు పక్కనే ఉండేవట. వాన తడిలో మగ కణం ఈదుకుంటూ వచ్చి చేరితేనే ఈ జాతి నిలుస్తుంది. ఆరేళ్లు ఈ అడవంతా గాలించినా మగది ఒక్కటీ దొరకలేదు. ఆడవీ ఏటికేడు ఎండిపోతున్నాయి.

“గీడ పెడ్తె బతుకుతది బిడ్డా, అందుకే...”

“పసుపు తగిలితే ఉన్నది కూడా చస్తుంది. వేరే సంచే దొరకలేదా?”

“హమాలోని ఇంట్ల ఇంకేం సంచి ఉంటది?”

పీహెచ్‌డీ కళ్లు పసుపును చూసినంత బాగా నాచును చూడలేదు.

“నాగేందర్, ఫొటో తీసి ఆ సంచిని గుట్ట కింది పొయ్యిలో పడెయ్.”

ఫారెస్ట్ వాచర్ నాగేందర్ అలాగే చేశాడు. గుట్ట కింది చేనులో పసుపు ఉడకబెడుతున్నారు. డ్రమ్ము కింద సంచి చాలాసేపు పొగలు కక్కింది.

పొగ ఆగేదాకా చూసి, ముసలాయన వెళ్లిపోయాడు.

సాయంత్రం ముసలాయన మీద కేసు కాగితం రాస్తూ వినీత ఆ ఫొటోను పెద్దది చేసింది.

ప్రతి పోచ కొసనా మగ మొక్కకే ఉండే చిన్న గిన్నె. మగ మొక్కలు. సంచెడు.

ఆమె యార్డుకు పరుగెత్తింది.

“తాతా, అదెక్కడ దొరికింది?”

“క్వారీ కాడి బండ సందుల. పేలుస్తరని తెలిసి గోకి తెచ్చిన.”

“ఇంకా ఉంటుందా? ఒక్క పోచైనా?”

“బండనే లేదు బిడ్డా. పొద్దుగాలనే పేల్చిండ్రు. ఉన్నదంత గా సంచిలనే ఉండె.”

వినీత పసుపు కుప్పల మధ్య కూలబడి ఏడ్చింది. ముసలాయన మంచినీళ్ల సీసా అందించాడు.

“తెల్వక చేసినవు. ఏం చేస్తవు మరి,” అన్నాడు.

ఆ మాటకు దుఃఖం రెట్టింపైంది. ఏడుస్తూనే తన గైడ్ దినకర్‌కు ఫోన్ చేసింది. నలభై ఏళ్ల కిందట ఆ నాచును కనిపెట్టి పేరు తెచ్చుకున్న ప్రొఫెసర్ ఆయన. ఆర్మూర్ పసుపు వ్యాపారుల బిడ్డ.

“పాపం చేశాను సార్. ఎవరో హమాలీ, ఎంకటి అట. మగదాన్నే ఆడవాటి పక్కకు తెచ్చాడు. మగదేదో ఆయనకెలా తెలిసింది సార్?”

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

“మా దుకాణంల మూటలు మోసేటోడు వినీతా,” అన్నాడు దినకర్. “గా నాచు నేను కనిపెట్టలే. ఆయననే నా చెయ్యి పట్టుకొని గుట్ట ఎక్కించి, గిది ఆడది, గిది మగది అని చూపెట్టిండు. నేను నా పేరు రాసుకున్న.”